టైటిల్ కార్డులో లేని పేరు

పోయిన వారం వచ్చిన ఉత్తరాల్లో ఒకటి నన్ను బాగా గిల్లింది. రాసింది గాజువాక కాలేజీ కుర్రాడు. సగం పొగడ్త, సగం దెప్పు. "బాహుబలి చూశాం, హనుమాన్ చూశాం, కల్కి చూశాం. ఇవి రాకముందు తెలుగువాళ్ళకి ఫాంటసీ అంటే ఏమిటో తెలుసా సార్? ఇంగ్లీషువాళ్ళకి పుస్తకాలు ముందొచ్చి, సినిమాలు తరవాతొచ్చాయి. మనకి అసలు పుస్తకాలే లేవు కదా!" అని అడిగాడు. పైగా, మీరు పరవాడలో కూచుని పాత సినిమాల సుత్తి కొట్టడం తగ్గించి దీనికి జవాబు చెప్పండి, అని చివర ఒక చురక.

అబ్బాయ్, సుత్తి తగ్గించడం నా వల్ల కాదు గాని, జవాబు మాత్రం చెబుతాను. మా ఊళ్ళో ఇప్పుడు ఎటు చూసినా పొగ గొట్టాలే. ఓ పక్క సింహాద్రి కరెంటు ఫ్యాక్టరీ, ఓ పక్క ఫార్మా సిటీ. 2022 నుంచి జిల్లా పేరు కూడా మారి అనకాపల్లి అయింది. కాని నా చిన్నప్పుడు ఇదే పరవాడలో రాత్రి ఏడు దాటితే చీకటి, ఆ చీకట్లో కిరసనాయిలు దీపం, ఆ దీపం చుట్టూ ఏడెనిమిది తలకాయలు, మధ్యలో ఒక పుస్తకం. దాంట్లో కొండగుహలూ, నరభక్షకులూ, నాలికలు చాచిన వింత జంతువులూ, ఏనుగుల మీద యుద్ధాలూ. మనకి పుస్తకాలు లేకపోవడం కాదు నాయనా, ఉన్నవాటిని మనమే పోగొట్టుకున్నాం. పోగొట్టుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ సంగతి తరవాత చెబుతాను.

ముందు సినిమా కబురు. ఇది సినిమా పత్రిక కదా!

"పాతాళభైరవి" 1951లో వచ్చింది. కె.వి. రెడ్డి గారి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావు గారి మాటలు. తోటరాముడు, నేపాళ మాంత్రికుడు తెలియని తెలుగువాడు ఉంటాడా? 1952లో మన దేశంలో జరిగిన మొట్టమొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో కూడా ఆ బొమ్మ వేశారు. ఆ కథకి మూలం పుస్తకమే: మధిర సుబ్బన్న దీక్షితులు గారి "కాశీమజిలీ కథలు". దానికి కాస్త అల్లావుద్దీన్ దీపం వెలుగు తగిలించారు. అంటే పుస్తకం ముందు, సినిమా తరవాత. కుర్రాడు అడిగిన వరసే!

ఇంకో విశేషం. "పాతాళభైరవి" తీసిన నాగిరెడ్డి, చక్రపాణి గార్లే 1947 జూలైలో "చందమామ" మొదలెట్టారు. ఒక చేత్తో మాయల మాంత్రికుణ్ణి తెర మీదకి ఎక్కించి, రెండో చేత్తో నెలనెలా పిల్లల చేతుల్లో పెట్టారన్నమాట. ఇక విఠలాచార్య గారి సంగతి చెప్పాలా! "బందిపోటు", "అగ్గిపిడుగు" రోజుల నుంచి 1978లో "జగన్మోహిని" దాకా ఆయన దయ్యాలూ, పాములూ, గాల్లో ఎగిరే కత్తులూ లేకుండా తెలుగు పల్లెటూళ్ళో వేసవి సెలవలు గడవలేదు. హీరో కాల్‌షీటు ఇవ్వకపోతే చిలకగా మార్చి కథ నడిపేసేవాడని ఆయన మీద ఒక చమత్కారం ఇప్పటికీ చెప్పుకుంటారు. గ్రాఫిక్స్ కంపెనీలు లేని రోజుల్లో అంత పని చేసినవాడిమీద ఆమాత్రం చమత్కారం ఉండాలి లెండి.

ఇక అసలు మనిషి దగ్గరకొద్దాం.

"చందమామ"లో సీరియల్ అని ఒకటి వచ్చేది. రాజకుమారుడో, మామూలు యువకుడో ఒకడు ఊరు విడిచి బయల్దేరతాడు. అడవులూ, శిథిలాలూ, మాంత్రికులూ, ఆటవికులూ, రెండు తలల మృగాలూ అడ్డం పడతాయి. సరిగ్గా పులి మీద పడే వేళకి పేజీ చివర "ఇంకా ఉంది" అని వేస్తారు. ఇక నెల్లాళ్ళు ఆ పులి గాల్లోనే! ఇప్పుడు మీరు వెబ్ సిరీసుల్లో ఎపిసోడు చివర గోళ్ళు కొరుక్కుంటున్నారే, ఆ గోళ్ళు మేం అప్పుడే కొరికేశాం. "తోకచుక్క", "మకరదేవత", "ముగ్గురు మాంత్రికులు", "కంచుకోట", "జ్వాలాద్వీపం", "రాకాసిలోయ", "పాతాళదుర్గం", "శిథిలాలయం", "రాతిరథం", "యక్షపర్వతం", "మాయాసరోవరం", "భల్లూకమాంత్రికుడు". పేర్లు చదువుతుంటేనే పోస్టరు కనపడడం లేదూ? 1954 నుంచి 1978 దాకా, పాతికేళ్ళ పాటు ఈ పన్నెండూ వచ్చాయి. "చందమామ" పదికి పైగా భాషల్లో అచ్చయ్యేది కనక, ఈ కథలు దేశమంతా తిరిగాయి. శిఖిముఖి, విక్రమకేసరి అంటే ఇక్కడ మేం ఊగిపోతుంటే, ఎక్కడో ఉత్తరాదిలో హిందీ పిల్లవాడు కూడా ఊగిపోతున్నాడన్నమాట.

ఈ పన్నెండూ రాసినవాడు ఒక్కడే. ఆయన పేరు దాసరి సుబ్రహ్మణ్యం. 1932లో పుట్టారు. 1952లో "చందమామ"లో చేరి యాభై ఏళ్ళకి పైగా అక్కడే పనిచేశారు. ఆ పాతికేళ్ళలో సీరియల్ మీద ఆయన పేరు లేదు!

ఒక్కసారి ఆలోచించండి. సినిమాలో క్లాప్ కొట్టిన అసిస్టెంటుకి టైటిల్ కార్డు ఉంది. టీ కాఫీలు అందించిన ప్రొడక్షన్ బాయ్‌కి ఈ రోజుల్లో చివరి స్క్రోలింగులో చోటుంది. పన్నెండు సీరియల్సు రాసి కొన్ని తరాల పిల్లల నిద్ర చెడగొట్టిన మనిషికి మాత్రం లేదు. సినిమా రంగంలో ఘోస్టు రచయితలని ఒక జాతి ఉంది, వాళ్ళ బాధ మీకు నేను ఈ పేజీలోనే చాలాసార్లు చెప్పాను. కాని వాళ్ళు ఇంకొకరి పేరు వెనక దాక్కుంటారు. ఈయన పేరు వెనక దాక్కోలేదు. అక్కడ పేరే లేదు. అది ఆ పత్రిక పద్ధతి. సంపాదకత్వం బరువంతా మోసిన కొడవటిగంటి కుటుంబరావు గారంతటివారు కూడా అందులో పేరు లేకుండా కుప్పలు కుప్పలుగా రాశారు. పత్రికే రచయిత అన్నట్టుండేది. బొమ్మలకి మాత్రం సంతకాలుండేవి. చిత్ర గారు (ఆయన అసలు పేరు టి.వి. రాఘవన్) వేసిన ఆ రాక్షసుల కోరలు, ఆ మొసళ్ళ వీపులు ఇవాళ్టికీ నా కళ్ళ ముందున్నాయి. 1978లో ఆయన పోయారు.

నిజం చెప్పొద్దూ, ఈ సీరియల్స్‌లో లోపాలు లేకపోలేదు. రాకుమార్తెలకి ఎవడో ఒకడు ఎత్తుకుపోవడం తప్ప పెద్ద పని ఉండదు. ఒక సీరియల్ హీరోని తీసుకెళ్ళి ఇంకో సీరియల్లో నిలబెడితే పోల్చుకోవడం కష్టం. కాని పక్కపాత్రలున్నాయే, ఆ మాంత్రికుల శిష్యులూ, పిరికి సేనాపతులూ, అడవిజాతుల దొరలూ, వాళ్ళ నోట్లో పడే మాటలు భలేగా ఉంటాయి. భయం మధ్యలో నవ్వు పుట్టించడం ఎంత కష్టమో ఏ సినిమా రచయితనైనా అడగండి.

మా ఇంట్లో ఈ సీరియల్స్‌కి పెద్ద అభిమాని నేను కాదు, మా చిన్న మావయ్య. మా అమ్మ తమ్ముడు. అయిదో క్లాసుతో చదువు ఆపేసి పొలంలోకి దిగినవాడు. "చందమామ" కొనే స్తోమతు లేక, కొనేవాళ్ళ దగ్గర నెల మారాక తక్కువ డబ్బులకి తెచ్చుకునేవాడు. సీరియల్ పేజీలు మాత్రం జాగ్రత్తగా విప్పి, మైదా లై ఉడకబెట్టి, గోనెసంచి దారంతో కుట్టి, సిమెంటు సంచీ కాగితం అట్ట వేసి పుస్తకం కట్టేవాడు. అట్ట మీద ఇంకు పెన్నుతో "శిథిలాలయం" అని పెద్ద అక్షరాలు. కింద "రాసినవారు" అని రాసి, రెండు చుక్కలు పెట్టి, ఒక గీత గీసి వదిలేశాడు. "ఎప్పుడో తెలీకపోద్దేటి, అప్పుడు రాద్దుం" అనేవాడు. 

1971లో ఇందిరా గాంధీ గారు వచ్చి ఉక్కు ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేశారు. ఆ తరవాత ఫ్యాక్టరీ కోసం ఖాళీ చేసిన ఊళ్ళలో మా మావయ్య ఊరూ ఒకటి. సామాన్లు బండి మీద కట్టేటప్పుడు, తడుస్తాయనో పోతాయనో, తను కట్టిన పుస్తకాలన్నీ ఒక రేకు పెట్టెలో సర్ది మా ఇంట్లో దాచమని ఇచ్చాడు. పెట్టె మా అటక మీదకెక్కింది. ఇక్కడ కాస్త ఆగుదాం. ఈ పెట్టె సంగతి చెప్పడానికి నాకు ధైర్యం చాలాలి.

ఆ రోజుల్లో పుస్తకాలు ఎందుకు నిలవలేదో ముందు చెబుతాను. ఇంగ్లీషులో ఇలాంటి చవక కథల్ని "పల్ప్" అంటారు. చెక్కగుజ్జుతో చేసిన ముతక కాగితం మీద అచ్చేసేవాళ్ళు కనక ఆ పేరొచ్చింది. ఆ కాగితంలో చెక్కలోని పదార్థం పూర్తిగా పోదు. ఎండా గాలీ తగిలితే పసుపెక్కి, ఆమ్లం పుట్టి, చివరికి అప్పడంలా విరుగుతుంది. మన దగ్గరా అంతే. కొవ్వలి లక్ష్మీనరసింహారావు గారు వెయ్యి నవలలు రాశారు. రైలు స్టేషనులో కొని దిగే స్టేషనులోపు చదివేసే పుస్తకాలవి. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు, ఆ తరవాత మధుబాబు గారి షాడో, వీళ్ళంతా అద్దె పుస్తకాల కొట్టుల్లో అట్టలు చిరిగేదాకా చేతులు మారారు. ఎక్కువమంది చదివిన పుస్తకమే ముందు చస్తుంది. చూడండి ఎంత అన్యాయమో! ఎవరూ ముట్టుకోని గ్రంథాలు లైబ్రరీ బీరువాల్లో నిగనిగలాడుతుంటాయి.

పైగా పండితులకి వీటి మీద చిన్నచూపు. ఇంట్లో పెద్దవాళ్ళకి మంట. "చెత్త పుస్తకాలు" అన్నారు. చెత్త అన్నదాన్ని ఎవరు దాస్తారు?

ఇది మన ఒక్కరి గొడవే అనుకోకండి. అమెరికాలో 1923లో "వియర్డ్ టేల్స్" అని ఒక చవక పత్రిక మొదలైంది. దాంట్లో రాసిన లవ్‌క్రాఫ్ట్ అనే ఆయన 1937లో పేదరికంలో పోయాడు. ఆయన కథల్ని పుస్తకంగా వెయ్యమని స్నేహితులు తిరిగితే పెద్ద ప్రచురణకర్తలు చెయ్యడ్డం పెట్టారు. అప్పుడు ఆగస్ట్ డెర్లెత్, డోనాల్డ్ వాండ్రీ అనే ఇద్దరు మిత్రులు 1939లో "ఆర్కమ్ హౌస్" అని తామే ఒక చిన్న సంస్థ పెట్టి వేశారు. ఎన్ని కాపీలనుకున్నారు? 1268! అవి అమ్మడానికే ఏళ్ళు పట్టింది. ఇవాళ ఆ లవ్‌క్రాఫ్ట్ పేరు చెప్పకుండా హాలీవుడ్‌లో భయం సినిమా గురించి మాట్లాడరు. అదే పత్రికలో 1932లో "కోనన్" అనే కత్తివీరుణ్ణి పుట్టించిన రాబర్ట్ హోవార్డ్ 1936లో, ముప్ఫై ఏళ్ళకే పోయాడు. 1950లో "నోమ్ ప్రెస్" అనే ఇంకో చిన్న సంస్థ ఆ కథల్ని పుస్తకాలుగా తేవడం మొదలెట్టింది. 1982లో ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ కత్తి పట్టుకుని తెర మీదకొచ్చాడు. మధ్యలో ఆ చిన్న అచ్చు మనుషులు లేకపోతే, ఆర్నాల్డ్ కండలు చూసేందుకు మనకి ఇంకో కారణం వెతుక్కోవలసి వచ్చేది.

లీ బ్రాకెట్ కథ ఇంకా బాగుంటుంది. ఆమె 1940లలో "ప్లానెట్ స్టోరీస్" అనే పత్రికలో అంగారక గ్రహం మీద సాహసాలు రాసేది. ఒక డిటెక్టివ్ నవల కూడా రాసింది. అది చదివిన దర్శకుడు హోవార్డ్ హాక్స్, రాసింది మగవాడనుకుని పిలిపించాడట. తలుపు తెరుచుకుని అమ్మాయి లోపలికొచ్చింది! అయినా పని ఇచ్చాడు. అలా వచ్చిందే 1946 నాటి "ది బిగ్ స్లీప్". స్క్రీన్‌ప్లేలో ఆమె పక్కన పేరు ఎవరిదో తెలుసా? విలియం ఫాక్నర్‌ది, తరవాత నోబెల్ బహుమతి అందుకున్నాయన. చివరి రోజుల్లో "స్టార్ వార్స్" రెండో భాగం, "ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్"కి మొదటి ప్రతి రాసిచ్చి 1978లో కన్నుమూసింది. సినిమా 1980లో వచ్చింది, టైటిల్స్‌లో ఆమె పేరు ఉంది. 2007లో "పైజో" అనే అమెరికా కంపెనీ ఆ పాత పత్రిక పేరే పెట్టుకుని "ప్లానెట్ స్టోరీస్" వరసలో ఆమెవీ, హోవార్డ్‌వీ పాత కథల్ని మళ్ళీ అచ్చేసింది. పక్కనున్న చెన్నైలో "బ్లాఫ్ట్" అనే బుల్లి సంస్థ 2008లో తమిళ చవక కథల్ని ఏరి, ప్రీతం చక్రవర్తి గారి చేత ఇంగ్లీషులోకి మార్పించి సంకలనం వేస్తే, ఆ కథలంటే ముక్కు విరిచినవాళ్ళే క్యూ కట్టి కొనుక్కున్నారు.

మరి మనకో? మనకీ ఉన్నారు. దాసరి వారి రచనల్ని పుస్తకాలుగా తెచ్చిన "వాహిని బుక్ ట్రస్ట్" లాంటివాళ్ళు. ఆయన "బొమ్మరిల్లు" కోసం రాసిన "మృత్యులోయ", ఇంకా "అగ్నిమాల", ఇలా పాత పత్రికల్లో ఇరుక్కుపోయినవి బయటకొచ్చాయి. అన్నట్టు "బొమ్మరిల్లు" ఎవరిదనుకున్నారు? విజయబాపినీడు గారిది! "గ్యాంగ్ లీడర్" తీసిన విజయబాపినీడే. మన సినిమావాళ్ళకీ పిల్లల పత్రికలకీ ఈ బంధుత్వం ఏమిటో గాని, భలే గట్టిది.

ఇలాంటి పుస్తకం వెయ్యడం అంటే పాత సినిమాకి కొత్త ప్రింటు తియ్యడం లాంటిదే. ముందు నెగెటివ్ దొరకాలి. అంటే పాత సంచికలన్నీ వరసగా కావాలి. ఒక్క నెల పోయిందా, కథలో ఒక రీలు లేనట్టే. ఎవరి అటక మీదో, ఎవరి గోతాంలోనో వెతకాలి. దొరికాక మళ్ళీ మొదట్నుంచీ టైపు చెయ్యాలి, ప్రూఫులు దిద్దాలి. పాత అక్షరాలు చెదపురుగు తిన్నచోట ఊహించి రాయకూడదు, ఇంకో కాపీ కోసం తిరగాలి. తెలుగులో ఇలాంటి పుస్తకం వేసేవాడు వందల్లోనే వేస్తాడు గాని, వేలల్లో వేసే ధైర్యం చెయ్యడు. ఈ వ్యాపారంలో మేడలు కట్టినవాణ్ణి నేను చూడలేదు.

ఆపైన హక్కుల గొడవ. 1957 చట్టం ప్రకారం రచయిత పోయిన తరవాత 60 ఏళ్ళ దాకా హక్కు ఉంటుంది (1992 ముందు 50 ఉండేది). పేరు లేకుండా అచ్చయిన రచనకి లెక్క వేరు: అచ్చయిన నాటి నుంచి 60 ఏళ్ళు. ఆ లోపల రాసినవాడెవరో తెలిసిపోతే మళ్ళీ మొదటి లెక్కే. ఇంకో మెలిక, పత్రికలో ఉద్యోగి రాసినదాన్ని పత్రికల్లో వేసుకునే హక్కు యజమానిది, మిగతా హక్కులు వేరే ఒప్పందం లేకపోతే రాసినవాడివి. పేరు లేని రచయితకి చట్టంలో ఒక సెక్షను ఉందంటే, ఈ జబ్బు మన దేశంలో ఎంత పాతదో చూడండి. "చందమామ" 2007లో ముంబయి కంపెనీ చేతికి వెళ్ళింది, 2010ల మొదట్లో ఆగిపోయింది. ఇలా యజమానులు మారి, పత్రిక మూతపడ్డాక, ఎవర్ని అడగాలో తేల్చుకునేసరికే చిన్న ప్రచురణకర్త నెత్తి నెరుస్తుంది.

అన్నీ మళ్ళీ వెయ్యాలా? వద్దు బాబూ. అద్దె కొట్టులో నేను నమిలిన డిటెక్టివ్ నవలల్లో సగం ఇప్పుడు చదవలేను. మూడో పేజీలోనే హంతకుడు తెలిసిపోతాడు. కొత్త ప్రింటు వేసేటప్పుడు కొందరు చేసే పని మాత్రం నాకు నచ్చదు. పాత బొమ్మలు తీసేసి కంప్యూటర్ బొమ్మలు పెడతారు, పాత మాటలు పిల్లలకి అర్థం కావని దిద్దుతారు. "మాయాబజార్"కి రంగులద్దినప్పుడు కూడా సగం మంది పోట్లాడారు, గుర్తుందా? ఆ రంగుల "మాయాబజార్" 2010 జనవరి చివర్లో విడుదలైంది. విజయావారి బొమ్మ కనక పేపర్లన్నీ దాని గురించే. సరిగ్గా ఆ వారంలోనే, అదే విజయావారి "చందమామ"లో ముసలివాడైన దాసరి సుబ్రహ్మణ్యం గారు విజయవాడలో కన్నుమూశారు. ఆ రోజు నేను పేపర్లో ఘటోత్కచుడి రంగు చూస్తూ కూచున్నాను. ఈ సంగతి నాకు చాలా కాలానికి గాని తెలియలేదు.

ఇప్పుడు పెట్టె సంగతి.

1978లో "జగన్మోహిని" అనకాపల్లి వచ్చింది. జయమాలిని పోస్టరు పరవాడ సెంటర్లో అంటించారు. నాకు పన్నెండేళ్ళు. స్నేహితులంతా చూసొచ్చి దయ్యం ఎలా నడుస్తుందో నడిచి చూపిస్తున్నారు. బస్సుకీ టిక్కెట్టుకీ డబ్బుల్లేవు. అటక ఎక్కాను. పెట్టె తీశాను. అందులో ఉన్న కట్టలన్నీ తీసుకెళ్ళి సెనగలు పొట్లాలు కట్టే కొట్లో తూకానికేశాను. ఆయన సిమెంటు కాగితం అట్టలు చించి పక్కన పడేసి, లోపలి పేజీలు మాత్రం తూచాడు. ఎంత వచ్చిందో గుర్తులేదు గాని, సినిమా చూసి సోడా తాగగా మిగల్లేదు. ఆ తరవాత చాలా రోజులు ఆ కొట్టువైపు వెళ్ళలేదు, పొట్లంలో ఏ పేజీ వస్తుందోనని. ఖాళీ పెట్టెలో పాత దుప్పటి కుక్కి మూత వేశాను. మావయ్య ఎప్పుడూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

మావయ్యకిప్పుడు ఎనభై దాటాయి. కళ్ళకి ఆపరేషను అయింది గాని చిన్న అక్షరాలు ఆనవు. ఆమధ్య విజయవాడ వెళ్ళినప్పుడు "మృత్యులోయ" కొని తెచ్చాను. సాయంత్రాలు ఆయన వీధరుగు మీద మంచం వాల్చుకుంటే నేను చదివిపెట్టాను. ఎవరు రాశారో చెప్పలేదు. కావాలనే చెప్పలేదు. "బొమ్మరిల్లు" ఆయన ఎప్పుడూ చూసి ఎరగడు. నాలుగైదు పేజీలు అయ్యేసరికి చెయ్యెత్తి ఆపాడు.

"ఆగరా అల్లుడూ. ఈ కత ఎవులు రాసినారంట?"

"ఏం మావయ్యా?"

"శిథిలాలయం రాసినోడే గదరా ఈడు. మాట అలగే ఉన్నాది."

నాకు నోట మాట రాలేదు. అట్ట తిప్పి పేరు చదివాను. ఆయన రాసిన పన్నెండు సీరియల్సూ ఒక్కొక్కటే చెప్పాను. ఒక్కో పేరుకీ మావయ్య తల ఊపుతున్నాడు. "సుబ్రహ్మణ్యం" అని తనలో తను రెండుసార్లు అనుకున్నాడు. మనిషి ఉన్నాడా అని అడిగాడు. పోయారని చెప్పాను. కాసేపు ఫార్మా కంపెనీల దీపాలవైపు చూస్తూ ఊరుకున్నాడు. తరవాత అన్నాడు:

"మీ అటక మీద పెట్లో నా బుక్కున్నాది గదా. అట్ట మీద పేరు రాయనేదు. అట్టుకొస్తే నువ్వే రాసీ. నా సెయ్యి వణుకుద్ది."

నలభై ఏళ్ళకి పైగా దాచిన మాట. ఇంక దాచి ఏం చెయ్యను? చెప్పేశాను. అటక, కొట్టు, తూకం, సినిమా, అన్నీ. ఆయన మొహం వైపు చూడకుండా పుస్తకం వైపు చూస్తూ చెప్పాను.

మావయ్య చాలాసేపు మాట్లాడలేదు. చుట్ట వెలిగించుకున్నాడు, రెండు పీల్చాడు.

"ఏ సినిమాకెల్లావు?"

"జగన్మోహిని."

"ఇఠలాచారిదా?"

"అవును."

"ఎలగుంది?"

"బాగుంది మావయ్యా."

"ఊఁ." ఇంకో పీల్పు పీల్చాడు. "సరే సదువు. ఎక్కడాపినావో, ఆ ముందు ఒక పేజీ నుంచి సదువు."